ఉద్దానం వలస కూలీలకు వైద్యం: అడ్డంకులు, ఆసరాలు

శ్రీకాకుళం జిల్లా పలాస, టెక్కలి, ఉద్దానం తీరం నుంచి పని కోసం బయటి ఊళ్లకు వెళ్లేవారికి, వెళ్లి తిరిగొచ్చేవారికి, వాళ్ల ఇళ్లలో మిగిలిపోయేవారికి వైద్యం ఎంతవరకు అందుతోంది, ఎక్కడ ఆగిపోతోంది అన్నది ఈ వ్యాస విషయం. భాష రాకపోవడం, ఆసుపత్రికి వెళ్తే ఆ రోజు కూలి పోవడం, సొంత రాష్ట్రం ఇచ్చిన కార్డు పొరుగు రాష్ట్రంలో చెల్లకపోవడం వంటి ఇబ్బందులు దేశంలోని వలస కూలీలందరికీ ఉన్నవే. ఉద్దానంలో వీటికి తోడు మరొకటి ఉంది. ఊరు దాటితే తప్ప గడవని బతుకుతెరువు, ఊరు దాటనివ్వని జబ్బు ఒకే గడపలో ఉంటాయి. కొడుకు గుజరాత్‌లో బోటు మీదో, హైదరాబాద్‌లో శ్లాబు పని మీదో ఉంటే తండ్రి వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు తిరుగుతుంటాడు. గత ఇరవయ్యేళ్లలో ఈ ప్రాంతానికి వచ్చిన ప్రభుత్వ వైద్య సాయం తక్కువేమీ కాదు. దానిలో ఎక్కువ భాగం ఇంటి చిరునామాకు ముడిపడి ఉండటంతో మనిషి కదిలితే సాయం వెంట రాదు. ఇక్కడి వలసదారుల వైద్యంలోని చిక్కులు చాలావరకు ఈ ముడి దగ్గరే మొదలవుతాయి.

వలస దారులు

మహేంద్రగిరి కొండలకు, బంగాళాఖాతానికి నడుమ ఉన్న ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల తోటల నేల ఉద్దానం. కొబ్బరి, జీడి, పనస ఇక్కడి పంటలు. దక్షిణాన టెక్కలి, నౌపడ ఉప్పు మడులు, సంతబొమ్మాళి తీరం ఉన్నాయి. హౌరా–చెన్నై రైలు మార్గం, 16వ నంబరు జాతీయ రహదారి ఈ నేల మీదుగానే పోతాయి. కూలికి వెళ్లేవారూ, పెద్దాసుపత్రికి వెళ్లేవారూ ఎక్కేది ఒకే బండి. పలాస స్టేషన్‌లో ఉదయం విశాఖ వైపు రైలు కోసం నిలబడ్డవాళ్లలో ఎవరి చేతిలో బట్టల సంచి ఉందో, ఎవరి చేతిలో ఎక్స్‌రే కవరు ఉందో చూస్తే ఎవరెందుకు వెళ్తున్నారో చెప్పవచ్చు.

ఇంత పచ్చని నేల నుంచి జనం వలస పోవడం కొత్తవారికి వింతగా అనిపిస్తుంది. తోటల కమతాలు చిన్నవి. జీడి బట్టీల్లో పని ఎక్కువగా ఆడవాళ్లకు దొరుకుతుంది, ఆ కూలితో సంసారం గట్టెక్కదు. తీరంలో మరపడవలు నిలిపే హార్బరు లేక మత్స్యకారులు ఏటా పశ్చిమ తీరానికి పోతారు. ఇవన్నీ చాలవన్నట్టు తుపాన్లు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను కొబ్బరి, జీడి చెట్లను వేళ్లతో సహా పెకలించేసింది. కొబ్బరి మొక్క నాటితే కాపు చూడటానికి అయిదారేళ్లు పడుతుంది. ఆ అయిదారేళ్లు ఇల్లు గడిచే దారి రైలు పట్టాల మీదే ఉంది. 2011 జనాభా లెక్కల్లో శ్రీకాకుళం జిల్లాలో ప్రతి వెయ్యి మంది మగవాళ్లకు 1,015 మంది ఆడవాళ్లు లెక్కకు వచ్చారు. ఉమ్మడి రాష్ట్ర సగటు అప్పట్లో 993. ఊళ్లో మగవాళ్లు లేకపోవడం ఈ తేడాకు ఒక కారణం.

దారులు ఒకటి రెండు కావు. ఇళ్ల నిర్మాణ మేస్త్రీల వెంట హైదరాబాద్, చెన్నై, బెంగళూరు, విశాఖ వెళ్లేవారు ఒక వర్గం. వెల్డింగు, రిగ్గింగు, పైపు ఫిట్టింగు నేర్చుకుని రిఫైనరీల షట్‌డౌన్ పనులకు, అక్కడి నుంచి గల్ఫ్‌కు, సింగపూర్‌కు వెళ్లే కుర్రాళ్లు మరో వర్గం. పోర్ట్‌బ్లెయిర్‌లో స్థిరపడిన తెలుగువారిలో శ్రీకాకుళం మూలాలున్నవారు చాలామంది. గుజరాత్‌లోని వెరావల్ బోట్లపై కళాసీలుగా వెళ్లే తీర గ్రామాల మనుషుల గురించి కింద విడిగా చెప్పుకోవాలి.

ఈ వలసకు ముందు రంగం (రంగూన్) వలస ఉంది. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి గంజాం, విశాఖపట్నం జిల్లాల కూలీలు ఓడలెక్కి రంగూన్ రేవుకు, బియ్యం మిల్లులకు వెళ్లారు. ఈనాటి ఉద్దానం ఆ జిల్లాల్లోనిదే. 1933లో వెలువడిన ఇ.జె.ఎల్. ఆండ్రూ పుస్తకం రంగూన్‌లోని భారతీయ కూలీల మీద వచ్చిన ముఖ్యమైన రచన. మేస్త్రి అడ్వాన్సు కింద చిక్కుకుని, కిక్కిరిసిన బసల్లో బతికిన కూలీల స్థితి అందులో కనిపిస్తుంది. అక్కడ రామకృష్ణ మిషన్ 1921లో మొదలుపెట్టిన సేవాశ్రమ ఆసుపత్రి పేదలకు పెద్ద అండ. 1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు పడ్డాక కాలినడకన స్వదేశానికి బయలుదేరినవారిలో ఎందరో దారిలో కలరాకు, ఆకలికి పోయారు. మేస్త్రి, అడ్వాన్సు, కిక్కిరిసిన బస ఈనాటికీ పోలేదు.

కిడ్నీ జబ్బు, కదలిక

ఉద్దానం పేరు దేశమంతా తెలిసింది మూత్రపిండాల జబ్బుతోనే. మధుమేహం, రక్తపోటు లేనివారికి, తోటల్లో చెమటోడ్చే నడివయసు రైతు కూలీలకు కిడ్నీలు దెబ్బతినడం ఇక్కడి వైద్యులు 1990ల నుంచి గమనిస్తూ వచ్చారు. డాక్టర్ టి. రవిరాజు బృందం 2019లో ప్రచురించిన అధ్యయనంలోనూ, ఆ తర్వాతి ఏడాది వచ్చిన జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ అధ్యయనంలోనూ తేలింది దాదాపు ఒకటే: ఇక్కడి పెద్దల్లో ఇంచుమించు అయిదుగురిలో ఒకరికి ఏదో ఒక దశలో కిడ్నీ జబ్బు ఉంది. వాళ్లలో ఎక్కువమందికి మామూలుగా చెప్పే కారణాలేవీ కనిపించలేదు. నీళ్లు, పురుగుమందులు, ఎండలో పని, నొప్పి బిళ్ళలు, వంశపారంపర్యం అంటూ అనుమానాలు అనేకం ఉన్నాయి. ఒక్కదాని మీదా తీర్పు రాలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్, నికరాగువా చెరుకు తోటల్లో ఇలాంటి జబ్బే ఉంది. చెరుకు కోత కూలీల విషయంలో మండుటెండలో విరామం లేని శ్రమను, ఒంట్లో నీరు ఇంకిపోవడాన్ని పరిశోధకులు గట్టిగా అనుమానిస్తున్నారు. గల్ఫ్, మలేసియాల నుంచి కిడ్నీలు పాడై తిరిగొచ్చిన నేపాలీ యువకుల గురించీ వైద్య పత్రికలు రాశాయి.

ఈ చివరి రెండు సంగతులు ఉద్దానం వలసదారుడికి నేరుగా తగులుతాయి. జబ్బు తొలి దశల్లో నొప్పి ఉండదు, వాపు ఉండదు. మూత్రంలో ప్రోటీన్ కూడా పెద్దగా పోదు. రక్తంలో క్రియాటినిన్ చూస్తే తప్ప తెలియదు. ముప్పయ్యేళ్ల కుర్రాడు సగం శక్తి పోయిన కిడ్నీలతో, ఆ సంగతి తెలియకుండానే, హైదరాబాద్ మే నెల ఎండలో ఇనుము కడతాడు. మధ్యాహ్నానికి నడుం పట్టేస్తే మందుల షాపులో అడిగి నొప్పి బిళ్ళ వేసుకుంటాడు. సైట్‌లో మంచినీళ్ల డ్రమ్ము దూరమైతే, మూత్రానికి చోటు లేకపోతే నీళ్లు తాగడమే తగ్గిస్తాడు. దెబ్బ మీద దెబ్బ పడేది ఇలాగే. ఊళ్లో ఉండి ఉంటే స్క్రీనింగ్ శిబిరంలో రక్తం ఇచ్చేవాడేమో. శిబిరం పెట్టేనాటికి ఊళ్లో ఉండేది ముసలివాళ్లు, ఆడవాళ్లు, బడిపిల్లలు. అన్నిటికంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్న వయసువాళ్లు సర్వే చీటీలో ‘ఊళ్లో లేరు’ అన్న గడిలోకి వెళ్తారు. పరీక్ష అవసరం ఎవరికి ఎక్కువో వాళ్లకే అది అందకపోవడాన్ని ఈ ప్రాంతపు వైద్య వ్యవస్థలో అన్నిటికంటే పెద్ద లోపంగా చెప్పవచ్చు. సంక్రాంతికీ, గంగమ్మ జాతరలకూ ఊరు నిండినప్పుడు రక్త పరీక్షలు పెడితే ఈ లోపం కొంతైనా పూడుతుంది. దానికి కొత్త భవనం అక్కర్లేదు.

జబ్బు ముదిరాక కథ మారుతుంది. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు డయాలసిస్. 2000ల తొలినాళ్లలో దీనికోసం విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రికో, ప్రైవేటు ఆసుపత్రికో పోవాల్సి వచ్చేది. పలాస నుంచి రైల్లో మూడు గంటలు వెళ్లడం, మూడు గంటలు రావడం. కొందరు ఇల్లు తాళం పెట్టి విశాఖలో గది అద్దెకు తీసుకున్నారు. జబ్బు కోసం వలస పోవడమంటే ఇది. సోంపేట, పలాస, కవిటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో డయాలసిస్ యంత్రాలు వచ్చాక ఆ వలస తగ్గింది. 2017 జనవరిలో జనసేన అధినేత పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురంలో బాధితులతో సమావేశమై ఈ సమస్యను రాష్ట్ర రాజకీయాల నడిబొడ్డుకు తెచ్చారు. 2019లో డయాలసిస్ రోగుల పింఛను నెలకు 10,000 రూపాయలైంది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిని, కిడ్నీ పరిశోధన కేంద్రాన్ని, హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి వంశధార నీళ్లు తెచ్చే దాదాపు 700 కోట్ల రూపాయల పథకాన్ని అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి ప్రారంభించారు.

డయాలసిస్ రోజు ఎలా గడుస్తుందో తెలిస్తే ఈ రోగి ఎందుకు కదల్లేడో అర్థమవుతుంది. తొలి షిఫ్టు కోసం చీకటితోనే షేర్ ఆటో ఎక్కుతారు. ముందు బరువు చూస్తారు. గత డయాలసిస్ తర్వాత ఎన్ని కిలోలు పెరిగితే అంత నీరు తీయాలి. ఎడమ చేతి మీద రక్తనాళాలు కలిపిన చోట, ఉబ్బిన ఫిస్టులాలో, రెండు సూదులు పెడతారు. నాలుగు గంటల తర్వాత పట్టీ వేసుకుని, తూలుతూ బయటికొచ్చి, అరుగు మీద కాసేపు కూర్చుని మళ్లీ ఆటో ఎక్కుతారు. ఆ రోజంతా పడకే. మర్నాడు కొంచెం తేరుకుంటారు. ఆ మర్నాడు మళ్లీ ఆసుపత్రి. ఇలాంటి మనిషి కూతురి పురిటికి హైదరాబాద్ వెళ్లాలంటే అక్కడో కేంద్రంలో షిఫ్టు ఖాళీ ఉండాలి. కామెర్ల వైరస్‌లు, హెచ్ఐవీ పరీక్షల తాజా రిపోర్టులు చూపాలి, వైరస్ ఉంటే వేరే యంత్రం కావాలి. పేదల ఉచిత వైద్య పథకం ఆరోగ్యశ్రీ కింద ఒక కేంద్రంలో పేరు నమోదై ఉంటే మరో కేంద్రానికి మార్పించుకోవాలి. ఇన్ని కుదరక చాలామంది ప్రయాణమే మానుకుంటారు. రోగిని చూసుకునే కొడుకు కూడా ఊళ్లోనే ఉండిపోవాలి, లేదా తండ్రిని ఆడవాళ్లకు వదిలి మందుల ఖర్చు కోసం ఇంకా దూరం పోవాలి. రెండో దారి పట్టేవాళ్లే ఎక్కువ.

కార్డు, చిరునామా

రాజీవ్ ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు ప్రయోగాత్మకంగా ఎంచుకున్న మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. మిగిలినవి అనంతపురం, మహబూబ్‌నగర్. మూడూ వలసలకు పేరున్న జిల్లాలు కావడం యాదృచ్ఛికం కాదు, పేదరికం ఎక్కువున్నచోట పథకం పెట్టారు. అప్పట్లో హైదరాబాద్ వెళ్లిన ఉద్దానం మేస్త్రికి ఆ కార్డు ఊళ్లో ఎలా చెల్లేదో అక్కడా అలాగే చెల్లేది. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయ్యాక అదే సైట్‌లో, అదే షెడ్డులో ఉన్న మనిషి పొరుగు రాష్ట్రపు కూలీ అయ్యాడు. పథకం నడిపే ట్రస్టులు వేరయ్యాయి: కార్డు ఒక ట్రస్టుది, ఉంటున్న ఊరు మరో ట్రస్టు పరిధి. 2019 నవంబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హైదరాబాద్, చెన్నై, బెంగళూరులోని ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో కొన్ని వందల పెద్ద చికిత్సలకు ఆరోగ్యశ్రీని వర్తింపజేసింది. ఉత్తరాంధ్ర కూలీలు ఎక్కువగా ఉండే మూడు నగరాలకూ కార్డు చేరడం నిజంగా పెద్ద ఊరట. అయినా గుండె ఆపరేషన్‌కు దారి దొరికింది గాని జ్వరానికి దొరకలేదు. కూలీని ఎక్కువగా మంచాన పడేసేవి చిన్న జబ్బులు. టైఫాయిడ్, డెంగీ, చేతి వేళ్లు నలిగిన దెబ్బ, కంట్లో పడిన సిమెంటు వంటివి ఆ జాబితాలో ఉండవు.

2018 సెప్టెంబరు 23న మొదలైన ఆయుష్మాన్ భారత్ కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు దేశంలో ఎక్కడైనా చెల్లుతుందని చెబుతుంది. ఆ మాట నిజం కావాలంటే వెళ్లిన రాష్ట్రం పథకంలో చేరి ఉండాలి. తెలంగాణ 2021లో చేరింది. ఉద్దానానికి కూతవేటు దూరంలో ఉన్న ఒడిశా 2025లో గాని చేరలేదు. రేషన్ బియ్యం మాత్రం ముందే కదిలాయి. 2019 ఆగస్టులో ఆంధ్ర, తెలంగాణల మధ్య కార్డు ఎక్కడైనా చెల్లే ఏర్పాటు దేశంలో మొదట ఆరంభమైన వాటిలో ఉంది. బియ్యం దాటినంత సులువుగా వైద్యం సరిహద్దు దాటలేదు.

పింఛనుదీ ఇదే తీరు. నెల మొదటి రోజున ఇంటి దగ్గరే వేలిముద్ర వేసి తీసుకోవాలి. కొడుకు దగ్గరికి వెళ్లిన ముసలివాళ్లు దానికోసమే రైలెక్కి వస్తారు. 2024 చివర్లో నిబంధన సడలించి, వరుసగా రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో కలిపి ఇచ్చే వీలు కల్పించారు. చిన్న మార్పే, కానీ రైలు ఛార్జీ ఎంతో తెలిసినవాళ్లకే దాని విలువ తెలుస్తుంది.

చట్టం కాగితం మీద ఎప్పటినుంచో ఉంది. 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కాంట్రాక్టరు ఉచిత వైద్యం ఏర్పాటు చేయాలని చెప్పింది. అయిదుగురు, అంతకు మించి కూలీలను తెచ్చిన కాంట్రాక్టరుకే అది వర్తించేది. తానే బండెక్కి అడ్డా మీద నిలబడినవాడు దాని లెక్కలోకి రాడు. 2020 వృత్తి భద్రత, ఆరోగ్య స్మృతి ఆ చట్టాన్ని తనలో కలిపేసుకుంటూ సొంతంగా వచ్చినవారిని కూడా వలస కార్మికుల నిర్వచనంలో చేర్చింది. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు గుర్తింపు కార్డు ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే. ఈఎస్ఐ ఒక్కటే నంబరుతో దేశమంతా పనిచేస్తుంది. నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవారికి అది వర్తిస్తుంది. ఉప కాంట్రాక్టరు కింది మేస్త్రి, ఆ మేస్త్రి కింది కూలీ ఆ జాబితాకెక్కడం అరుదు.

వెరావల్ బోట్లు

మంచినీళ్లపేట, నువ్వలరేవు, బారువ, భావనపాడు వంటి తీర గ్రామాల నుంచి మగవాళ్లు వానాకాలంలో గుజరాత్ వెళ్లి వేసవిలో తిరిగొస్తారు. పశ్చిమ తీరంలో జూన్, జులై నెలల్లో వేట నిషేధం. ఆగస్టు నుంచి సీజను. బోటు యజమాని గుజరాతీ, బోటు నడిపే తాండేలు ఒక్కోసారి మనవాడే, కళాసీలు మనవాళ్లే. ఒకసారి సముద్రంలోకి వెళ్తే రెండు మూడు వారాలు నీళ్ల మీదే. వల లాగే యంత్రంలో చెయ్యి పడినా, కడుపునొప్పి వచ్చినా బోట్‌లో ఉండే మందుల డబ్బాయే దిక్కు. ఒడ్డుకు తిరగాలంటే డీజిల్ ఖర్చు, వేట నష్టం. ఆ నిర్ణయం తాండేలుది, లెక్క యజమానిది. ఒడ్డుకొచ్చాక భాష మరో గోడ. బోట్ల మీద పనికొచ్చే నాలుగు హిందీ ముక్కలు డాక్టరుకు నొప్పి చెప్పడానికి సరిపోవు.

2018 నవంబరులో పాకిస్థాన్ అధికారులు పట్టుకున్న బోట్లలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు ఉన్నారు. ఇరవై మంది 2020 జనవరి 6న వాఘా సరిహద్దులో విడుదలయ్యారు. ఆ తర్వాత మూడు నెలలు తిరక్కుండానే లాక్‌డౌన్ వచ్చింది. వెరావల్ రేవులో నాలుగు వేలకు పైగా ఆంధ్ర మత్స్యకారులు బోట్ల మీదే ఇరుక్కుపోయారు. దిగితే ఉండే చోటు లేదు, బోట్‌లో పక్కమనిషికి దూరంగా ఉండే వీలు లేదు. ఏప్రిల్ చివర్లో ప్రత్యేక బస్సులు కట్టి వాళ్లను రాష్ట్రానికి తెచ్చారు. బస్సు దిగినవాళ్లను ఇంటికి పంపకుండా క్వారంటైన్‌లో ఉంచి పరీక్షలు చేశారు. ఒక వలస గుంపు మొత్తానికి ఆరోగ్య పరీక్ష జరగడం ఇక్కడివాళ్లకు అంతకుముందు తెలిసిన సంగతి కాదు. అదే రోజుల్లో ఇచ్ఛాపురం దగ్గర పురుషోత్తపురం చెక్‌పోస్టు వద్ద ఉత్తరాదికి నడిచిపోయే కూలీలు బారులు తీరారు.

గల్ఫ్‌కు వెళ్లేవారు

గల్ఫ్ ప్రయాణంలో వైద్యం అన్నిటికంటే ముందు వస్తుంది. వీసాకు ముందు గుర్తింపు పొందిన కేంద్రంలో మెడికల్ తప్పనిసరి. క్షయ మచ్చ, హెపటైటిస్, హెచ్ఐవీ కనబడితే ‘అన్‌ఫిట్’. ఏజెంటుకు కట్టిన డబ్బు గాలికి. విచిత్రమేమిటంటే ఈ కేంద్రం జబ్బు కనిపెడుతుంది గాని వైద్యం చేయదు. ‘అన్‌ఫిట్’ కాగితం పట్టుకున్న కుర్రాడికి ఇక ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలో చెప్పేవారుండరు. చాలామంది ఆ కాగితం చింపేసి మరో ఏజెంటు దగ్గరికి పోతారు.

అక్కడికి చేరాక బీమా ఉన్నా అది కంపెనీ వీసాతో కట్టి ఉంటుంది. దుబాయ్‌లో యజమాని ఆరోగ్య బీమా చేయించాలన్న చట్టం 2013లో వచ్చింది, ఉత్తర ఎమిరేట్స్‌కు అలాంటి నిబంధన 2025 జనవరి నుంచి వచ్చింది. కంపెనీ జీతం ఎగ్గొడితే బయటపడి వేరే పని చేసుకునేవాడు, అక్కడి తెలుగువాళ్ల మాటలో ‘ఖల్లివల్లి’ అయినవాడు, ఆసుపత్రికి వెళ్తే దొరికిపోతానని జ్వరాన్ని గదిలోనే దాస్తాడు. క్షమాభిక్ష ప్రకటించినప్పుడే బయటికొస్తాడు. పదో తరగతి పాసు కాని కార్మికుల పాస్‌పోర్టుతో వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియంతో ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షల వరకు వస్తుంది. విజిటింగ్ వీసా మీద వెళ్లేవారికి ఈ రక్షణ లేదు. మోసపోయేదీ వాళ్లే ఎక్కువ. రాష్ట్ర ప్రభుత్వ ప్రవాసాంధ్ర తెలుగు సొసైటీ బీమా నమోదు, ఆసుపత్రిలో ఉన్నవారిని స్వదేశానికి తేవడం వంటి పనులు చూస్తోంది.

మిగిలినవాళ్లు, సరిహద్దు

మగవాడు బయట ఉన్న ఇంట్లో ఆడమనిషి జబ్బు వాయిదా పడుతుంది. ‘ఆయన వచ్చాక చూద్దాంలే’ అన్న మాట ఏఎన్ఎంలు రోజూ వింటారు. జీడి బట్టీలో గింజ ఒలిచే ఆమె అరచేతులు పెంకు నూనెకు పొక్కులెక్కినా, ఒక పూట పని మానితే వచ్చే నష్టం చూసుకుని ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరికే పోతుంది. ఆర్‌ఎంపీని చదువుకున్నవాళ్లు తిట్టడం పరిపాటి. విచ్చలవిడిగా వాడే నొప్పి సూదులు కిడ్నీలకు చేటు అన్నదీ నిజమే. కానీ రాత్రి పదింటికి తలుపు తీసేవాడు, భర్త డబ్బు పంపేదాకా అప్పు పెట్టేవాడు అతనొక్కడే. ప్రభుత్వ ఆసుపత్రిలో మందు ఉచితమైనా దారి ఖర్చు, పోయిన కూలి ఉచితం కావు.

ఇచ్ఛాపురం, కవిటి వైపు జనం శ్రీకాకుళం కంటే ఒడిశాలోని బరంపురమే దగ్గరని 1962లో మొదలైన అక్కడి వైద్య కళాశాల ఆసుపత్రికి పోతారు. ఆ పల్లెల్లో తెలుగు, ఒడియా రెండూ వస్తాయి కాబట్టి భాష అడ్డు లేదు. పథకం కార్డు మాత్రం ఇన్నేళ్లూ అడ్డే. ఇటు టెక్కలి, పలాస ఆసుపత్రులకు పర్లాకిమిడి వైపు ఒడిశా జనం, మెళియాపుట్టి, మందస కొండల నుంచి సవర గిరిజనులు దిగి వస్తారు. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సులు ఈ ఊళ్లకు తెచ్చిన మార్పు మరే పథకమూ తేలేదేమో. ఎక్కడివాడివని అడగకుండా ఎక్కించుకోవడమే వాటి గొప్ప.

వెంట వచ్చే సాయం

వలసదారుడి వెంట నడిచిన సాయాలు కొన్ని ఉన్నాయి. వాటిలో పాతది ఊరివాడే. ఏ నగరంలోనైనా ఉద్దానం కూలీకి మొదటి ఆసుపత్రి సలహా ముందే అక్కడికి చేరిన బావమరిదిది లేదా మేస్త్రిది. ఏ ఆసుపత్రిలో తెలుగు మాట్లాడే నర్సు ఉంది, ఎక్కడ కార్డు అడుగుతారు, ఎక్కడ అడగరు అన్న సమాచారం ఊరి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. ఎవరికైనా ప్రమాదం జరిగితే ఆ గ్రూపులోనే చందాలు పోగవుతాయి. మేస్త్రి మీద ఆధారపడటంలో ఇంకో ముఖమూ ఉంది. ఆసుపత్రి ఖర్చు పెట్టినవాడు దాన్ని అడ్వాన్సులో కలిపి రాస్తాడు, జబ్బుపడినవాడు సీజను ముగిసినా కదల్లేడు.

ప్రభుత్వ ఏర్పాట్లలో క్షయ, హెచ్ఐవీ కార్యక్రమాలు ఈ విషయంలో ముందున్నాయి. క్షయ రోగుల నమోదుకు ఇచ్చే నిక్షయ్ నంబరు ఉన్న రోగి శ్రీకాకుళంలో మందు మొదలుపెట్టి చెన్నైలో కొనసాగించవచ్చు. పోషణకు నెలకు 1,000 రూపాయలు రోగి బ్యాంకు ఖాతాకే వస్తాయి. హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రాలు బదిలీ కాగితం ఇచ్చి వేరే రాష్ట్రపు కేంద్రానికి పంపుతాయి. ఈ రెండు జబ్బుల్లో మధ్యలో మందు ఆపితే వచ్చే ముప్పు ప్రభుత్వాలకు ముందే అర్థమైంది. కిడ్నీ రోగికి ఇలాంటి బదిలీ పద్ధతి ఇంకా స్థిరపడలేదు. 2016 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన జాతీయ డయాలసిస్ కార్యక్రమం యంత్రాలను జిల్లా ఆసుపత్రులకు తెచ్చింది. రోగి ఊరు మారితే షిఫ్టు దొరకడం ఇప్పటికీ తెలిసినవాళ్ల చలవే. 2018లో హైదరాబాద్‌లో మొదలైన బస్తీ దవాఖానాలు మరో మంచి నమూనా. చిరునామా అడగరు, జ్వరానికీ బీపీకీ మందు ఇస్తారు, రక్త పరీక్ష రాస్తారు. కూలి పోకుండా సాయంత్రం కూడా తెరిచి ఉంచితే ఇంకా ఎక్కువమందికి పనికొస్తాయి.

2021లో వచ్చిన 14 అంకెల ఆభా ఆరోగ్య గుర్తింపు నంబరు రోగి రికార్డును ఎక్కడైనా చూపిస్తుందని ఆశ. ప్రస్తుతానికి ఉద్దానం కూలీ వైద్య రికార్డు అతని పెట్టెలోని ప్లాస్టిక్ కవరే. లామినేషన్ చేయించిన ఆరోగ్యశ్రీ కార్డు, ఆధార్ నకలు, సోంపేటలో తీసిన స్కానింగు, మూడు వేర్వేరు ల్యాబుల క్రియాటినిన్ చీటీలు, సగం మాసిపోయిన మందుల చీటీ అందులో ఉంటాయి. షెడ్డులోకి వాన నీళ్లొస్తాయని ఒకటికి రెండు కవర్లు చుడతాడు. కొందరు వాటిని ఫొటో తీసి భార్య ఫోన్‌కు పంపి ఉంచుతారు. ఫోన్ మారితే ఆ ఫొటోలూ పోతాయి.

ఈ ప్రాంతానికి ఇప్పుడు బయటివాళ్లు కూడా వస్తున్నారు. 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిన సంతబొమ్మాళి మండలం మూలపేట పోర్టు పనులకు ఇతర రాష్ట్రాల కూలీలు వచ్చారు. వాళ్లుండేది పని స్థలం దగ్గరి రేకుల షెడ్లలో. తీరంలోని గ్రామ సచివాలయాల కుటుంబ జాబితాల్లో ఆ షెడ్లకు ఇంటి నంబర్లు లేవు. వాళ్లలో ఒకరికి జ్వరమొస్తే టెక్కలి ఆసుపత్రి ఓపీ చీటీ దొరుకుతుంది. ఆ తర్వాత ఇంటికొచ్చి చూసే ఆశ కార్యకర్త, క్రియాటినిన్ శిబిరం, బియ్యం కార్డుతో వచ్చే చికిత్స మాత్రం వాళ్ల దాకా రావు.